బేస్ కూడా నేనే వాయిస్తా!

మీ దగ్గర సిగ్గేముంది, చెప్పేస్తాను. ఫంక్షన్లలో కీబోర్డు వాయించే నాతో, రెహమాన్ కూడా ఒకప్పుడు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవాడేనని ఎవరో అన్నారు. అంతే, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు నా నడకకు ఇరుకైపోయింది. నవ్వకండి, పొగిడితే మీరు మాత్రం ఉబ్బరా?

ఆ ఊపులోనే అమెరికా జాజ్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్ నా చెవిన పడ్డాడు. మొదట పియానో వాయించేవాడు. తర్వాత హామండ్ ఆర్గన్ కొని, గోడౌన్‌లో పెట్టుకుని ఒంటరిగా సాధన చేసి, 1956 నుంచి బ్లూ నోట్ కంపెనీకి వరసగా రికార్డులిచ్చాడు. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో బేస్, ఎడమకాలు కింద పెడళ్ల మీద, కుడికాలు వాల్యూమ్ మీద! మైకేల్ జాక్సన్ 1987 నాటి 'బ్యాడ్' పాటలో ఆర్గన్ ముక్క కూడా ఆయనదే.

ఇందులో బుద్ధిమంతుడికి పనికొచ్చేది గోడౌన్ సంగతి. నాకు పనికొచ్చింది మాత్రం బేస్ గిటారు మనిషి డబ్బులు మిగలడం.

ఓ రిసెప్షన్ ఒప్పుకుని, మా బేస్ తమ్ముడికి ఫోన్ కొట్టి "ఇయ్యాల నువ్వు రెస్ట్ తీస్కో" అన్నాను.

"మరి బేస్ ఎవరన్నా?"

"నేనే!"

నా కీబోర్డుకు బేస్ పెడళ్లు లేవు. ఉన్న ఒక్క సస్టెయిన్ పెడలు కూడా టేపు చుట్టింది.

ఎత్తుకోవడమే 1958 నాటి 'ద సర్మన్' ఎత్తుకున్నాను. ఇరవై నిమిషాల బ్లూస్. పియానో మోత దానంతటదే చల్లారుతుంది, తప్పునూ వెంటేసుకుపోతుంది. ఆర్గన్ మోత మన హార్మోనియంలా వేలు తీసేదాకా పోదు. ఎడమచెయ్యి బేస్ మరిచి కుడిచేతి వెంటపడింది, కుడిచెయ్యి బెదిరి ఆగింది, కాలు పెడలనుకుని ఎక్స్‌టెన్షన్ బాక్సును తన్నింది, స్టేజీ దీపాలు పోయి వచ్చాయి, నేను మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాను!

పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కాడు. "ఏం తమ్మీ, పెన్‌డ్రైవ్ ఇరుక్కున్నదా? అదే ముక్క తిరుగుతున్నది."

"లైవే కాకా."

పెన్‌డ్రైవ్ అని ఒప్పుకున్నా పరువు దక్కేది. అహంకారం అబద్ధం కూడా ఆడనివ్వలేదు చూడండి! కాకా జాలిపడి నన్ను భోజనానికి పంపాడు, డీజేను పిలిచాడు. బిర్యానీ మాత్రం అద్భుతం, రెండుసార్లు పెట్టించుకున్నాను.

మీ ఇంట్లో ఫంక్షనుంటే నిస్సంకోచంగా పిలవండి. బేస్ తమ్ముడు కూడా వస్తాడు. కాకపోతే అతని డబ్బులు అతని చేతికే, అదీ ముందే ఇవ్వాలట.