మణికొండ ట్రౌట్‌బాబు

మణికొండలో ప్రతి గేటెడ్ కమ్యూనిటీకీ ఒక మారథాన్ మనిషి, ఒక కీటో మనిషి తప్పనిసరి. ఈమధ్య ట్రౌట్‌బాబు కూడా చేరాడు. ఎడిన్‌బరోలో ఆన్‌సైట్ చేస్తూ, శనివారమైతే హైలాండ్స్ కొండలెక్కి, కారు కూడా వెళ్లని చెరువులో తొడలోతు నీళ్లలో నిలబడి బ్రౌన్ ట్రౌట్‌కి గాలం వేసినవాడు. కంపెనీ ఆయన్ని రాయదుర్గానికి పిలిపించుకుంది గానీ గాలం మాత్రం వదల్లేదు.

ఆదివారం తెల్లారేసరికి టెర్రస్ మీద ఉంటాడు. ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుకి బరువుండదు, దాన్ని దూరం మోసుకెళ్లేది దారం బరువే. కర్ర వెనక్కి ఊపాక దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. "కళంతా ఆ ఆగడంలోనే ఉంది సార్" అంటాడు. ఆయన ఆగిన ఆ కాసేపట్లోనే దారం వెళ్లి మూడో ఫ్లోర్ ఆంటీ వెంకటగిరి చీరని పట్టుకుంటుంది. ఇప్పటిదాకా పడ్డవాటిలో పెద్దది అదే.

పురుగులు కట్టడానికి పుంజు మెడ ఈకలు కావాలి. నాటుకోడి షాపుకెళ్లి అడిగాడు.

"కూర వద్దా సారూ?"

"వద్దన్నా, మెడ ఈకలు చాలు. ఎర్రవి."

"ఇంట్ల అంత మంచిదేనా?"

మర్నాటికి షాపు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

వాళ్లమ్మది గోదావరి గట్టు, పులస తిన్న నాలుక.

"పట్టి మళ్లీ నీళ్లలో వదిలేశావా? మరి పట్టడమెందుకురా?"

"అదొక ఆటమ్మా."

"ఆ సంగతి చేపకి చెప్పావా?"

ట్రౌట్‌కి చల్లటి పారే నీళ్లు కావాలి. గండిపేటలో వేస్తే ఎండాకాలం దాకా కూడా అక్కర్లేదు, వేసిన పూటే పులుసు. అందుకని ఆయన కళ్లన్నీ హిమాచల్ మీదే. కశ్మీర్‌కి 1900లో ట్రౌట్ గుడ్లు స్కాట్లాండ్ నుంచే ఓడెక్కి వచ్చాయని, తర్వాత కులూ వాగుల్లోనూ పెంచారని లిఫ్టులో దొరికినవాళ్లందరికీ చెబుతాడు. తీర్థన్ లోయలో హోమ్‌స్టే కూడా చూసిపెట్టుకున్నాడు. చిక్కల్లా ఒకటే. అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ పట్టడం నిషేధం, ఈయన మేనేజరు సెలవిచ్చేది సంక్రాంతికి.

ఇంతకీ ఆయన చేప తినడు. ముళ్లంటే భయం.

మీ బ్లాకులో ఇలాంటివారుంటే ఆదివారం పొద్దున టెర్రస్ మీద చీరలు ఆరేయకండి. చేప మీద మనసైతే మాత్రం ఆయన్ని నమ్ముకోవద్దు, తిన్నగా రాంనగర్ మార్కెట్‌కి వెళ్లండి. కొరమీను బతికున్నదే తూకం వేసిస్తారు.