అటక మీది పోస్టరు, ఆన్‌లైన్ పాట

విజయవాడ గాంధీనగర్‌లో ఏ డిస్ట్రిబ్యూటర్ దగ్గరో రిప్రజెంటేటివ్‌గా పనిచేసిన పెదనాన్న మీకూ ఉండి, ఆయన ట్రంకుపెట్టెలో పాత సినిమా పోస్టర్లు మిగిలి ఉంటే మీ పంట పండినట్టే. ఫోనుంది, వేలంపాటలు నడిపే సైట్లున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి. ఇక కావలసిందల్లా కాస్త తెలివి. అది నేనిస్తాను.

ముందు పోస్టరుని ముస్తాబు చేయాలి. పాత కాగితం పాతగా కనిపిస్తే ఎవడు కొంటాడు? మడతల దగ్గర చిరిగితే వెడల్పాటి సెలోటేపు, అదీ బొమ్మవైపే, గట్టిగా అంటించండి. కొన్నేళ్లకి టేపు పచ్చబడి జిగురంతా కాగితంలోకి దిగుతుందని భయపెడతారు. అప్పటికి అది మీ ఇంట్లో ఉంటే కదా! పలచటి జపాన్ కాగితం, గోధుమ గంజి జిగురు వాడి వెనకవైపు నుంచి అతికే పనివాళ్లున్నారు. ఆ అతుకు కావాలంటే మళ్లీ తడిపి ఊడదీయొచ్చట. ఊడొచ్చేది ఓ అతుకేనా? రంగు వెలిసినచోట స్కెచ్ పెన్ను చాలు. ఘటోత్కచుడి మీసం మీ చిన్నబ్బాయి దిద్దితే ఎస్వీ రంగారావు గారికి వయసు పదేళ్లు తగ్గుతుంది. చివరగా వీధి చివరి జిరాక్సు షాపులో లామినేషన్. ఇక ఆ కాగితాన్ని బ్రహ్మదేవుడొచ్చినా బయటికి తీయలేడు.

ఇప్పుడు అసలు కిటుకు. పోస్టరు అడుగు అంచున, చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరి పేరు ఉంటాయి: మద్రాసో, శివకాశో. కలెక్టర్లనేవాళ్లు (జిల్లాలవాళ్లు కాదు, పోస్టర్లు పోగేసేవాళ్లు) భూతద్దం పెట్టి ముందు చూసేది ఆ గీతనే. ప్రెస్సెవరిదో, పంపిణీ ఎవరిదో తేలితే అది మొదటి విడుదలదా, పదేళ్ల తర్వాత మళ్లీ ఆడించినప్పటిదా అన్నది పట్టేస్తారు. ఇంటిగుట్టు అంత బయట పెట్టుకోవడమెందుకు? కత్తెర తీసుకుని ఆ అంచు కత్తిరించేయండి. ఫ్రేములోనూ చక్కగా ఇముడుతుంది. అలాగే ఓ మూల ‘ఈశ్వర్’ అని సంతకం కనిపిస్తే, ఏ పిల్లవాడో పేరు గీసుకున్నాడని తెల్లరంగు పూసేయండి. బాపు ‘సాక్షి’తో 1967లో మొదలుపెట్టి వందల సినిమాలకి పోస్టర్లు వేసిన మనిషైతే మాత్రం, మన పోస్టరు మీద ఆయన పేరేమిటి?

ఫొటో రాత్రిపూట, ట్యూబులైటు కింద, ఫ్లాషు వేసి తీయండి. వెనకవైపు చూపించకండి. గోడ మీంచి ఊడబీకిన మైదా పేస్టు మరకలు అక్కడే ఉంటాయి. కొలతలు రాయకండి. ముప్ఫై నలభై అంగుళాల సింగిల్ షీటా, చిన్న లాబీ కార్డా అన్న సస్పెన్సు పార్సిలు విప్పేదాకా ఉండాలి. సినిమా పేరు కూడా అనవసరం. ‘వెరీ వెరీ రేర్ ఓల్డ్ హిట్’ అంటే సరి. పేరు కొట్టి వెతుక్కునేవాళ్లకి మీ సరుకు కనపడదు, నిజమే. అలాంటివాళ్లు బేరాలాడతారు, పోనివ్వండి.

తేదీ విషయంలో ధైర్యం కావాలి. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. రంగులద్ది 2010లో మళ్లీ వదిలారు. మీ దగ్గరున్నది ఆ రెండోదైతే 1957 అని వేయండి. మూలన ‘డీటీఎస్’ అన్న అక్షరాలుంటే వాటిమీద బొటనవేలు ఆనించి ఫొటో తీయండి.

ధర దగ్గర మెతకబడొద్దు. తక్కువతో మొదలుపెడితే పదిమందీ దిగి పాట పెంచుతారని కొందరంటారు. మనకంత ఓపిక లేదు. జర్మన్ సినిమా ‘మెట్రోపొలిస్’ పోస్టరు 2005లో 6,90,000 డాలర్లకి పోయింది. దానికి మిగిలిన ప్రతులు నాలుగే అని తెలుసంటారు. మీ ‘అడవి రాముడు’ అదే రకం పోస్టరు, పైగా ఎన్టీఆర్ ఉన్నాడు. సగం అడగండి, న్యాయంగా ఉంటుంది.

ఎవరూ పాడకపోతే బావమరిదిని దింపండి. ఇలా సొంతమనిషిచేత పాడించడాన్ని సైట్లు ఒప్పుకోవు, ఖాతా మూసేస్తాయి. అందుకే అతగాడిచేత మీ ఫోనులోంచే పాడించండి, మనవాళ్లని అనుమానం రాదు. ఒక్కోసారి పాట అతనికే ఖాయమై, మీ పోస్టరు మీరే కొనుక్కుని సైటుకి కమీషన్ కట్టాల్సి రావచ్చు. డబ్బు ఇంట్లోంచి బయటికి పోయేది ఆ కమీషన్ మేరకే.

ముగింపు వేళ మధ్యాహ్నం పన్నెండున్నర. భోజనానికి ముందు పని తెమిలిపోతుంది. వేసవిలో అప్పుడు డాలస్‌లో రాత్రి రెండు. చివరి నిమిషంలో ఎగబడి ధర పెంచే అమెరికా తెలుగువాళ్లు గుర్రుపెట్టి నిద్రపోతుంటారు, గొడవుండదు.

అమ్ముడైతే గొట్టంలో చుట్టి పంపమంటారు. గొట్టం ఖర్చు ఎవరిస్తారు? ఎనిమిది మడతలు పెట్టి, రబ్బరుబ్యాండు వేసి, పెళ్లిశుభలేఖ కవరులో దూర్చండి. తిరిగొస్తే దిగులుపడకండి. ముక్కలు చేసి ‘ఒరిజినల్ పీస్’ అని ఒక్కొక్కటీ వేరే పాటకి పెట్టండి. కిరీటమున్న ముక్కకి పోటీ ఎక్కువ. ఉత్త ఆకాశమున్నవి రెండు కొన్నవాళ్లకి మూడోది ఉచితం.