మూడో గుక్క దాకా

మా ఇంట్లో చిక్కదనానికి గౌరవం ఎక్కువ. పాలు చిక్కగా ఉంటే పాలవాడు మంచివాడు. డికాషన్ చిక్కగా ఉంటే కోడలు మంచిది. పల్చగా ఉన్న ప్రతిదాని వెనకా ఎవరో చెంబుతో నీళ్ళు పట్టుకు నిలబడ్డారని మా అమ్మ అనుమానం. రాజమండ్రిలో ఆ అనుమానం నీడనే పెరిగి పెద్దయి, ఉద్యోగం పుణ్యమా అని ఫ్రాన్స్‌లో లియోన్ నగరానికి వచ్చి పడ్డాను.

వైన్ రుచి చూసింది అక్కడే. చెప్పేవాళ్ళు లేరు గనక అమ్మ సూత్రాన్నే నమ్ముకున్నాను. షాపులో సీసాని లైటుకి ఎత్తిపట్టి చూసేవాణ్ణి. వెలుతురు ఇవతలికొస్తే అది నీళ్ళ సరుకు, రాకపోతే అసలు సరుకు. సీసాలన్నీ ముదురాకుపచ్చ రంగువే కాబట్టి నాకేమీ కనిపించేది కాదు, అది వేరే సంగతి.

అలా ఒకనాడు మదిరాన్ కంటబడింది. నైరుతి ఫ్రాన్స్‌లో ఒక ఊరు, ఆ ఊరి పేరుతోనే వైన్. పేరులోనే మదిర! సంస్కృతం ఇంతదూరం నడిచొచ్చిందా అని పొంగిపోయి రెండు సీసాలు కొన్నాను. దాన్ని ముఖ్యంగా తనా అనే ద్రాక్షతో చేస్తారు. మొదటి గుక్కకే నాలుక మీద ఎవరో గోనెపట్టా పరిచినట్టయింది. ఆ అనుభవాన్ని వర్ణించడానికి వైన్ పండితులు పేరాలకు పేరాలు రాస్తారు. మనకి ఒక్క మాట చాలు: వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తుల్ని పట్టేసుకుంటాయి. నోట్లో జారుడు పోయి గరుకు మిగులుతుంది. నేరేడుపళ్ళు తిన్నాక నాలుక పిడచకట్టేది కూడా ఇందుకే.

అయినా మొహం చిట్లించకుండా తాగేవాణ్ణి. ఇంత కష్టంగా ఉందంటే గొప్పదే అయ్యుండాలి. ఎంసెట్ కోచింగ్ నేర్పిన తత్వం అది, ఓ పట్టాన వదలదు.

మా పక్క ఫ్లాట్‌లో ఒక రిటైరైన పెద్దాయన ఉంటాడు. నా చెత్తబుట్టలో సీసాలు చూసి జాలిపడ్డాడో ఏమో, ఓ ఆదివారం భోజనానికి బూషోన్‌కి తీసుకెళ్ళాడు. గళ్ళ టేబుల్‌గుడ్డలు పరిచి, ఇంటివంటలాంటి భోజనం పెట్టే లియోన్ హోటళ్ళని అలా అంటారు. అక్కడ వైన్ ‘పో’ అనే సీసాలో వస్తుంది. అడుగున మందపాటి గాజు, లోపల పట్టేది 46 సెంటీలీటర్లు. అర లీటరుకి నాలుగు తక్కువ. మా ఊళ్ళో అయితే తూనికలు కొలతలవాళ్ళు కేసు రాసేవాళ్ళు.

గ్లాసులో పోశాక చూద్దును కదా, వైన్‌లోంచి టేబుల్‌గుడ్డ మీద గళ్ళు కనిపిస్తున్నాయి! ముట్టుకుంటే చల్లగా కూడా ఉంది. ఇక ఆగలేకపోయాను.

“ఇందులో నీళ్ళు కలిపారా?”

ఆయన నవ్వలేదు. “మూడో గుక్క దాకా తీర్పు చెప్పకండి” అన్నాడు.

మొదటి గుక్క: ఏమీ లేదు. పప్పు అనుకుని చారు తాగినట్టుంది. రెండోది మాంసం ముక్కతో: ఎర్రటి పళ్ళ వాసన, కొంచెం పులుపు, నోరు కడిగినట్టు శుభ్రం. మూడో గుక్కకి నా చెయ్యి దానంతటదే ముక్క దగ్గరకి వెళ్ళింది. మదిరాన్ తాగాక చెయ్యి మంచినీళ్ళ దగ్గరకి వెళ్ళేది.

అది లియోన్‌కి ఉత్తరాన ఉన్న బోజొలే కొండల వైన్. ద్రాక్ష పేరు గామే. 1395లో బుర్గుండీ డ్యూక్ ఫిలిప్ ఈ మొక్కని ద్రోహి అని తిట్టి, తన రాజ్యంలో కనపడితే పీకెయ్యమన్నాడు. పాపం అది దక్షిణాన ఈ గ్రానైటు నేలల్లో కుదురుకుంది. పాండవులు పదమూడేళ్ళకి తిరిగొచ్చారు, ఇది తిరిగి వెళ్ళే ఆలోచనే పెట్టుకోలేదు.

వగరు తక్కువకి కారణం తయారీలో ఉంది. గుత్తుల్ని నలపకుండా తొట్టిలో నింపుతారు. బరువుకి అడుగు పళ్ళు చితికి పులుస్తాయి, బొగ్గుపులుసు వాయువు పైకి లేచి తొట్టంతా నిండుతుంది. గాలాడక, పైనున్న పండు చెక్కుచెదరకుండానే లోపల్లోపల పులియడం మొదలెడుతుంది. తొక్కా గింజా రసంలో ఎక్కువకాలం నానవు, కాబట్టి వగరు ఎక్కువ దిగదు.

లియోన్‌లో రోన్, సోన్ నదులు కలుస్తాయి. మూడో నది బోజొలే అని ఊరివాళ్ళ ఛలోక్తి. మన ప్రయాగలో సరస్వతిలాగా ఇదీ అంతర్వాహినే, కడుపుల్లో పారుతుంది. కొత్త పంట వైన్‌ని ఏటా నవంబరు మూడో గురువారం విడుదల చేస్తారు. 1985 నుంచీ అదే రోజు. “గురువారమా! బాబా పూజ ఉండగా?” అని మా ఆవిడ. శుక్రవారానికి వాయిదా వేయమని ఫ్రెంచి ప్రభుత్వానికి రాయనా అంటే మాట్లాడలేదు.

సగం నేర్చినవాడి సంగతి తెలిసిందే. వైన్ చల్లగా బాగుంటుందని కనిపెట్టేశాను కదా, మా బావమరిది వచ్చిన రోజున మిగిలిన మదిరాన్‌ని మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లదనం వగరుని ఇంకా ఎత్తి చూపిస్తుందట. తేలికరకాలకి దాచడానికి వగరే లేదు గనక వాటికి చెల్లింది. బావమరిది ఒక గుక్క తాగి, “బావా, పచ్చి అరటికాయ జ్యూసా?” అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు కోక్ తాగాడు.

కృతజ్ఞతగా పోయిన నెల పక్కింటి పెద్దాయన్ని భోజనానికి పిలిచాం. మా ఆవిడ మిరియాల చారు పెట్టింది. ఆయన గిన్నె అందుకుని, చెంచాతో ఒకసారి కలిపి, గిన్నె అడుగున పువ్వు డిజైను కనిపించేసరికి నా చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

“పప్పులో నీళ్ళు ఎక్కువయ్యాయా?”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను గబగబా ఆయన గ్లాసులో బోజొలే పోసి, గిన్నె ఆయన వైపు జరిపి అన్నాను:

“మూడో గుక్క దాకా తీర్పు చెప్పకండి.”