ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం గురించి ఒక విన్నపం

మహారాజరాజశ్రీ ఆసుపత్రి పరిపాలనాధికారి గారి దివ్యసముఖానికి, వార్డులోని రోగుల పక్షాన, వరండాలో చాపలు పరచుకున్న వారి సహాయకుల పక్షాన సవినయంగా విన్నవించడమేమనగా:

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో 17 హక్కులతో రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపగా, తమ ఆసుపత్రి దానికి అందమైన ఫ్రేము కట్టించి, మంచినీళ్ల కూలరు వెనుక గోడకు, మడమలెత్తినా అక్షరాలు అందని ఎత్తులో భద్రపరచిన తీరు ప్రశంసనీయం. రోగుల బాధ్యతల విషయంలో తమ శ్రద్ధ గోడ దగ్గరే ఆగకపోవడం మరింత ప్రశంసనీయం. అడ్వాన్సు ఎంత కట్టాలో, అటెండెంటు పాసులు ఒక మంచానికి ఎన్నో, విజిటింగ్ వేళలు ఏవో, చేరిన అరగంటలోనే రోగికీ బంధువులకూ కంఠతా వచ్చేస్తున్నాయి.

ఇక సమ్మతి, అనగా జరగబోయే చికిత్స ఏమిటో, దాని వల్ల మేలెంతో, ముప్పెంతో, వేరే మార్గం ఉందో లేదో, అసలు చేయించుకోకపోతే ఏమవుతుందో తెలుసుకున్న మీదట రోగి ఇచ్చే అంగీకారం, స్ట్రెచరు థియేటరుకు బయలుదేరే వేళకు సిస్టరు గారి ప్యాడ్ మీద ఇంగ్లీషు కాగితాల రూపంలో వచ్చి, “ఇంటూ పెట్టిన చోటల్లా సంతకం పెట్టండి” అన్న ఒక్క మాటతో పూర్తవుతున్నది. ఆపరేషను పేరు రాయవలసిన గీత అప్పటికింకా ఖాళీగానే ఉంటున్నది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె స్పృహలో లేని సమయంలో తల్లి అంగీకారం తీసుకుని గర్భాశయాన్నీ అండాశయాలనూ తొలగించిన కేసులో, పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు వర్తించదనీ, ప్రాణాపాయం లేనప్పుడు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగవలసిందనీ సుప్రీంకోర్టు 2008లో తేల్చిచెప్పింది. కాబట్టి ఖాళీ గీత కింద పెట్టించిన సంతకం ఆసుపత్రి ఫైలుకు అలంకారమే తప్ప సమ్మతి కాజాలదు. అదే విధంగా, రోగి అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతుండగా, రికార్డు సెక్షన్ నిబంధన మాత్రం “సారు సెలవులో ఉన్నారు, సోమవారం రండి” అన్నదే.

రోగుల పక్షం నిర్దోషి అని ఈ లేఖ వాదించడం లేదు. షుగరు బిళ్లలు మానేసి ఆకు పసరు తాగిన సంగతిని డాక్టరు దగ్గర దాచేవారు, ఆగ్రహంలో డ్యూటీ డాక్టరు మీద చేయిచేసుకుని వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల దాకా జైలుశిక్షకు అర్హత సంపాదించుకునేవారు ఈ పక్షంలోనే ఉన్నారు. ఆపరేషను రోజు తెల్లవారుజామున దుప్పటి చాటున ఇడ్లీ తినిపించే ఆప్తులకూ కొదవలేదు. అయితే మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆహారం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని ఎవరూ చెప్పని చోట, “రెండు ఇడ్లీలకేమవుతుందిలే” అన్న బామ్మ గారి మాటే వైద్యశాస్త్రమై కూర్చుంటుంది. కారణం తెలుసుకోవడం రోగి హక్కు, తెలిసిన దాన్ని పాటించడం అతని బాధ్యత. మొదటిది ఎగ్గొట్టి రెండోది వసూలు చేయాలంటే సెక్యూరిటీ గార్డు తప్ప వేరే సాధనం మిగలదు.

కావున హక్కులనూ బాధ్యతలనూ ఒకే కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చువేయించి, అడ్వాన్సు రసీదుతో పాటే చేతికిచ్చి, ఆపరేషను ముందురోజు సాయంత్రం మంచం దగ్గర ఎవరైనా చదివి వినిపించే ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థన. ఆ కాగితం మీద బాధ్యతల కింద రోగి సంతకం చేస్తాడు. హక్కుల కింద, ముఖ్యంగా బిల్లు బాకీ ఉందని రోగిని గానీ మృతదేహాన్ని గానీ ఆపరాదన్న అంశం పక్కన, తమరు సంతకం చేయవలసిన చోటల్లా సౌకర్యార్థం ఇంటూ గుర్తులు ముందే పెట్టబడినవి. పూర్తిగా చదివిన తర్వాతే సంతకం చేసే వెసులుబాటు తమకు ఉంటుంది. సందేహాలుంటే అడగవచ్చు, ఎవరూ విసుక్కోరు.

జవాబుకు గడువు 72 గంటలు.

ఇట్లు,
తమ విధేయులు,
రోగులు, వారి సహాయకులు