గంజాం మొగలిని ఉద్ధరించడం ఎలా?

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఛత్రపురం, గోపాలపూర్ చుట్టుపక్కల మొగలిని కాపాడాలని బయల్దేరినవారు చాలామంది మొదట్లోనే ఒక తప్పు చేస్తారు. ఊళ్లోకి వెళ్లి, ఈ పొదలు ఎవరివి, ఎవరు నాటారు అని వాకబు చేస్తారు. మీరు ఆ జోలికి పోకండి. బరంపురంలో చల్లటి హాలు ఒకటి బాడుగకు తీసుకుని సదస్సు పెట్టండి. అక్కడి జనం ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతారు. వాళ్లను పిలిస్తే చర్చంతా పువ్వు ధర దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి సదస్సు ఇంగ్లీషులో నడిపించండి.

ఇక మొక్కలు. కాయల నుంచి నారు పోయించండి. అనాసపండులా ఎర్రబడి వేలాడే మొగలి కాయను ఫొటో తీస్తే ఎంత ముచ్చటగా ఉంటుంది! గంజాం రైతు మాత్రం దాని వంక చూడడు. బాగా పూసే మగ చెట్టు చూసుకుని, దాని కొమ్మో పిలకో కోసి గట్టు మీద పాతుకుంటాడు. మొగలిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. జడల్లోకి, అత్తరు సీసాల్లోకి ఎక్కే ఆ వాసనంతా మగ పువ్వుది. ఆడ చెట్టు కాయ కాస్తుంది, అంతే. గింజ నుంచి లేచిన మొక్క ఆడదో మగదో పూసేదాకా ఎవరికీ తెలియదు, పూయడానికి ఏళ్లు పడుతుంది. అదే మీకు కలిసొచ్చే అంశం. నాటిన మొక్కల లెక్క నివేదికకెక్కుతుంది, నిధులు ఖర్చవుతాయి, మీకు బదిలీ కూడా అయిపోతుంది. సగం చెట్లకు కాయలే మిగిలాయని తెలిసేనాటికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు.

ఏ చెట్టు కొమ్మ తెచ్చుకోవాలో అత్తలూ మామలూ చెప్పగా నేర్చుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు శిక్షణ శిబిరం పెట్టి సర్టిఫికెట్లు పంచండి. పాఠం చెప్పడానికి దూరాన్నించి ఎవరినైనా రప్పించండి. కన్నౌజ్‌లోని సుగంధ కేంద్రానికి బరంపురంలోనే ఒక శాఖ ఉంది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, అది మరీ దగ్గరగా ఉందని చెప్పండి.

కోత విషయంలో క్రమశిక్షణ ముఖ్యం. పొద్దు పొడవకముందే దోటి భుజాన వేసుకుని పొదల్లో దూరడం అనాగరికం. ఆకు రెండంచుల మీదా, అడుగున నడిమి ఈనె మీదా ముళ్లే. చీకట్లో పాము భయం సరేసరి. కూలీలను హాయిగా టిఫిన్ చేసి తొమ్మిదింటికి రమ్మనండి. ఆ వేళకు విచ్చిన పువ్వు వాసన తగ్గుముఖం పట్టి ఉంటుంది. అయితేనేం, మీ హాజరు పట్టీ పక్కాగా ఉంటుంది.

పువ్వు ఎక్కువసేపు ఆగదు కనుకే అత్తరు బట్టీలు తోటల పక్కనే వెలిశాయి. వాటిని ఊళ్లలోంచి లేపి ఒక పారిశ్రామికవాడలో చేర్చండి. రాగి డేగులో పూలు, నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెలు పేర్చి, ఆవిరిని వెదురు గొట్టం మీదుగా నీళ్ల తొట్టిలోని పాత్రకు పంపే ఆ ఏర్పాటు మ్యూజియంలో ఉండాల్సిన సరుకు. నిజానికి బట్టీ కూడా అనవసరం. మొగలి నూనెలో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథరే. అది ఫ్యాక్టరీలో చవగ్గా తయారవుతుంది. సీసా మీద పువ్వు బొమ్మ వేసి, భౌగోళిక గుర్తింపు ముద్ర కొట్టి, గంజాం అని రాస్తే మంటలూ మసీ తప్పుతాయి.

ఇది పవిత్రమైన మొక్క కదా అన్న మొహమాటం పెట్టుకోకండి. బ్రహ్మ తరఫున దొంగసాక్ష్యం చెప్పినందుకు మొగలి పువ్వును శివుడు తన పూజకు పనికిరావని శపించాడు. గుడిలో గిరాకీ లేని పువ్వుకు ఎవరు అడ్డుపడతారు? (ఆ శాపం తగిలిన పువ్వు గుడి గడప దాటకుండానే కన్నౌజ్ అత్తరు దుకాణం దాకా వెళ్లింది. దేవుళ్లు వ్యాపారుల్ని శపించడం మర్చిపోయారు.)

తరువాత మొగలి కంచె. ఇసుకను పట్టి ఉంచే ఆ ఊడల పొదలు చూడటానికి చింపిరిగా ఉంటాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటి మొగలి తోటలను చావగొట్టింది. తుపానుకు ఒరిగిపోయే కంచె ఎందుకు? పీకించేసి సిమెంటు గోడ కట్టండి. గోడ కూలితే కాంట్రాక్టరు మళ్లీ కడతాడు. మొగలికి ఆ సదుపాయం లేదు, దాన్ని మళ్లీ నాటేది రైతే.

భూసేకరణ వస్తే మొగలిని పొదల పద్దులో రాయండి, పంట పద్దులో రాయకండి. 1990ల నడిమిలో గోపాలపూర్ దగ్గర టాటా ఉక్కు కర్మాగారానికి భూములు తీసుకోబోయినప్పుడు మొగలి రైతులు ఎదురు తిరిగారు. ఏటేటా డబ్బు తెచ్చే గట్టుకు ఒక్కసారి పరిహారం ఇచ్చి ఊరుకుంటే ఎలా అని వాళ్ల గోల. ఆ ఉక్కు కర్మాగారం రానే లేదు. దీన్నించి మీరు నేర్చుకోవలసింది ఒక్కటే: రైతుల్ని లెక్కలు అడగనివ్వకండి.

ప్రారంభోత్సవం ఫిబ్రవరిలో పెట్టుకోండి. మార్చిలోగా ఖర్చు చూపాలి కదా. పూత ముమ్మరంగా ఉండేది వానల్లో, అప్పుడైతే అతిథుల బూట్లకు బురదవుతుంది. పూలు చాలకపోతే బరంపురం బడాబజారులో ప్లాస్టిక్ దండలు కొనండి, పైన స్ప్రే కొట్టించండి. బిల్లు మాత్రం మొగలి పూలకని రాయించుకోవడం మరవకండి.