గీత పక్కన కుర్చీని

నేను నీలిరంగు ప్లాస్టిక్ కుర్చీని. బస్తర్‌లోని భోపాల్‌పట్నంలో ఒక టెంట్ హౌస్ వాళ్ల సరుకును. హైదరాబాద్ మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటి వచ్చి మా ఊళ్లోనే ఆగిపోతుంది. పెళ్లికి, దినాలకు, పార్టీ మీటింగుకు అన్నిటికీ కిరాయికి పోతాను. నా కాలొకటి పగిలితే తీగ చుట్టారు. అప్పటి నుంచి ముఖ్య అతిథుల వరసలో నాకు చోటు పోయింది. ఫుట్‌బాల్ టోర్నమెంటుకు తెస్తే మైదానం గీత పక్కన కోచ్‌కు వేస్తారు. ఆయన ఎట్లాగూ కూర్చోడు కదా!

ఒక ఏడు మా కోచ్ బడిలో పీటీ సారు. ఆట సగంలో టెంటు కింది నుంచి ఒకాయన వచ్చాడు.

"సారూ, ఆ పిలగాన్ని ఇప్పుడు దింపాలె. జెర్సీలు కొనిచ్చింది వాళ్ల మామనే."

"వాని మడమ వాచింది. దింపను."

పెనాల్టీల్లో ఓడిపోయాం. పొద్దుగూకకముందే కమిటీ సారును తీసేసింది. కొత్తాయన మామ మాట విని పిలగాన్ని దింపాడు, మళ్లీ ఓడాం. మామ మాత్రం మర్నాడు కూడా ముందు వరసలో మెత్తటి సోఫాలోనే కూర్చున్నాడు.

ఇదంతా మా మారుమూల ఊరి పద్ధతేమో అనుకున్నాను. కిరాయి లేని రోజుల్లో నన్ను టీ హోటల్లో టీవీ ముందు వేస్తారు. అక్కడ తెలిసింది, పెద్ద ఊళ్లలోనూ ఇంతేనని. భారత జట్టు మాజీ కోచ్ ఇగోర్ స్టిమాక్ సంగతే చూడండి. ఆటగాళ్ల పేర్లు మ్యాచ్‌కు ముందే ఒక జ్యోతిష్కుడికి వెళ్లాయని 2023లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది. అదే ఏడు ఆసియా క్రీడలకు జట్టును పంపనని క్రీడల శాఖ అంటే, ఆయన ప్రధానికి లేఖ రాసుకున్నాడు. అనుమతి వచ్చేసరికి క్లబ్బులు ఆటగాళ్లను వదలబోమన్నాయి. గ్రహాలు, మంత్రిత్వ శాఖ, క్లబ్బులు... ఇందరి నడుమ ఆయన కుర్చీ!

అలాగని స్టిమాక్‌ను వెనకేసుకు రావడం లేదు. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 2-1తో ఓడారు. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మూడో రౌండ్‌కు చేరకపోతే తానే తప్పుకుంటానన్న మనిషి, చేరకపోయినా కదల్లేదు. జూన్ 17న ఫెడరేషన్ పంపించేసింది. ఒప్పందం 2026 దాకా ఉండటంతో చివరికి 4 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మా పీటీ సారుకు ఆ పూట చాయ్ కూడా ఎవరూ పోయలేదు.

హైదరాబాద్ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ముచ్చట వినేటప్పుడు నాకు వేరే అనుమానం వస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మా కమిటీ అయితే సగం ఆటకే గేటు చూపించేది. అదే రహీం 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు.

అందరికన్నా పెద్ద మామ బ్రెజిల్‌లో ఉండేవాడు. సైనిక పాలకుడు మెడిసికి డారియో అనే ఆటగాడంటే ఇష్టం. కోచ్ సల్దాన్యా ఒప్పుకోలేదు. మంత్రులను ఆయన ఎంచుకోనీ, జట్టును నేను ఎంచుకుంటాను అన్నాడట. 1970 మార్చిలో, ప్రపంచ కప్‌కు రెండున్నర నెలల ముందు, ఉద్యోగం ఊడింది. పెలేతో తగవు లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, కొత్త కోచ్ జగాలో జట్టులో డారియో పేరు మాత్రం చేరింది. బ్రెజిల్ కప్పు గెలిచింది. డారియో ఒక్క నిమిషం ఆడలేదు. ఒత్తిడి తెచ్చేవాళ్లకు ఇలాంటి గెలుపులంటే మహా ఇష్టం, లెక్క అడిగేవాడుండడు కదా.

బయటివాళ్ల జోక్యమని 2022 ఆగస్టులో ఫిఫా మన దేశపు ఫెడరేషన్‌నే సస్పెండ్ చేసి, ఆ నెలలోనే ఎత్తేసింది. జెర్సీలు కొనిచ్చిన మామల గురించి మాత్రం ఆ నిబంధనల్లో ఒక్క ముక్క లేదు.

కాబట్టి కమిటీ పెద్దలకు నా విన్నపం. బస్తర్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ కూడా ఉంది, మన పిల్లలూ ఆడతారు. ఈసారి జట్టు పేర్ల కాగితం కోచ్ ఒక్కడి చేతికే ఇవ్వండి, సీజను అయ్యేదాకా ఆయన్ను కదపకండి. జెర్సీల దాతకు శాలువా కప్పి, దండ వేసి, సోఫాలోనే కూర్చోబెట్టండి.