ముందు నిప్పు దగ్గర కూర్చోండి!

ఈ మధ్య పట్నంలో ఒక కొత్త సరదా బయల్దేరింది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాళ్లు ఆదివారం పూట కమ్మరిపని చేస్తారట. సంతోషమే. మా మనవడు కూడా ఆ బాపతే. కాకపోతే వాడి సరంజామా చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. నిప్పు ఇంకా రాజెయ్యనే లేదు, పేరు అచ్చేసిన తోలు ఏప్రన్ మాత్రం వచ్చేసింది. రకానికొకటి చొప్పున సుత్తులు వచ్చాయి. కొమ్మున్న విదేశీ దాగలికి ఆర్డరు పెట్టాడు. "ఏం చేద్దామనిరా ఇదంతా?" అంటే, "కత్తి తాతా, డమాస్కస్ కత్తి" అన్నాడు. మేకు సాగదియ్యడం రానివాడికి డమాస్కస్ కత్తి!

మా రోజుల్లో కొలిమిలోకి వచ్చిన పిల్లాడి చేతికి సుత్తి ఇచ్చేవాళ్లు కాదు, తిత్తి అప్పగించేవాళ్లు. గాలి ఊదుతూ నిప్పు చూస్తూ కూర్చోవాలి, అంతే. గాలి ఎక్కువైతే తుమ్మబొగ్గు దండగ, ఇనుము మాడుతుంది. తక్కువైతే నాన్న అరుస్తాడు. విసుగొచ్చేది. కానీ ఇనుము రంగు మాకు తెలిసింది అక్కడే. ముదురు ఎరుపులో కొడితే ఇనుము సాగదు, చెయ్యి లాగుతుంది, పైగా పగులు పడుతుంది. నారింజ దాటి పసుపుకొచ్చినప్పుడు సమ్మెట పడితే చెప్పిన మాట వింటుంది. తెల్లగా మెరిసి చిటపటమని రవ్వలు రాల్చిందంటే కాలిపోతున్నట్టే, ఆ ముక్క ఇక దేనికీ పనికిరాదు.

మా వాడు కొలిమి పెట్టింది ఎక్కడో తెలుసా? మేడమీద, మిట్టమధ్యాహ్నం ఎండలో. "ఎంతసేపు కాల్చినా ఎర్రబడదేంటి తాతా?" అని అడుగుతాడు. ఎర్రబడటమేంట్రా, ఎప్పుడో ముదిరిపోయింది, ఎండలో నీకు కనపడట్లేదు! ఊళ్లో కొలిమి ఎప్పుడూ చెట్టు నీడనో తాటాకు పందిరి కిందో ఉండేది. అది ఇనుము రంగు తెలియడానికి. ముందు నీడ చూసుకోండి. అలాగని తలుపులు బిగించిన గదిలో పెట్టకండి. బొగ్గయినా గ్యాసయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, మనిషిని తీసుకుపోతుంది. గాలి ఇటునుంచి అటు ఆడాలి. కింద మట్టినేల అయితే మేలు. కాలిన ముక్క జారి సిమెంటు నేలమీద పడితే పెచ్చు లేచి ఎగురుతుంది.

దాగలి సంగతి. మా నాన్న దాగలి చదరపు ఇనుప దిమ్మ, తుమ్మమొద్దులో దిగగొట్టి ఉండేది. కొమ్మూ లేదు, తోకా లేదు. ఊరందరి కర్రులూ కొడవళ్లూ గొడ్డళ్లూ దానిమీదే తయారయ్యాయి. ఇప్పుడు చవగ్గా వస్తున్నవి చాలావరకు పోత ఇనుము. వాటిమీద సమ్మెట పడితే అంచులు రాలిపోతాయి. కొనేముందు ఒక చిన్న ఉక్కు బేరింగు గోళీని దానిమీద వదిలి చూడండి. టంగుమని ఎగిరితే మంచి సరుకు, చచ్చినట్టు పడుంటే వద్దు. అంత డబ్బు లేదా, రైలుపట్టా ముక్క చాలు. మన పట్టాలు మీటరుకి 52 కిలోలవీ 60 కిలోలవీ ఉంటాయి. అడుగున్నర ముక్కని నిలువుగా పాతితే సుత్తిదెబ్బ కింద బరువంతా నిలబడుతుంది. అయితే పాతసామాన్ల దుకాణంలో బిల్లు అడిగి మరీ కొనండి. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గరుంటే నేరమని 1966లోనే చట్టం చేశారు. ఇక ఎత్తు. మేం కూర్చుని చేసేవాళ్లం కాబట్టి మా దాగలి నేలబారున ఉండేది. మీరు నిలబడి చేస్తారు గనక, చెయ్యి కిందికి వేలాడేసి పిడికిలి బిగిస్తే కణుపులు ఎక్కడికొస్తాయో అంత ఎత్తున పెట్టుకోండి. సుత్తి కిలో లోపుదే పట్టండి. రెండు కిలోలది ఎత్తితే వీడియోలో బాగానే ఉంటుంది, మర్నాడు మోచెయ్యి చెబుతుంది సంగతి.

ఇనుము ఎంపిక మరీ ఘోరం. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ కడ్డీ తెచ్చి కత్తి చేస్తానంటాడు. అందులో కార్బన్ తక్కువరా, ఎంత నూరినా పదును నిలవదు. కొక్కేలకీ మేకులకీ అది బాగుంటుంది. కొడవలి కావాలంటే మేం లారీ కమానుపట్టీ వెతుక్కునేవాళ్లం. దాన్ని తగినంత ఎర్రగా కాల్చి ముంచితేనే గట్టిపడుతుంది. ఎంత ఎరుపో మాకు కన్ను చెప్పేది. మీకు అయస్కాంతం ఉంది, వాడుకోండి. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి కాస్త కాగనిచ్చి నూనెలో ముంచండి. నీళ్లలో ముంచితే ఈ పట్టీ చిట్లే ప్రమాదముంది. ముంచాక ఆకురాయి వేసి చూడండి. పట్టకుండా జారిపోతే గట్టిపడ్డట్టే. కానీ అలాగే వదిలితే కిందపడి విరుగుతుంది. తోమి మెరిపించి మళ్లీ సన్నటి వేడి చూపిస్తే ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం వరసగా పరుగెత్తుతాయి. కత్తికి ఎండుగడ్డి రంగు దగ్గర ఆపాలి. నీలం దాకా పోనిస్తే మెత్తబడుతుంది.

జీఐ పైపులు మాత్రం కొలిమిలో పెట్టకండి. పైనున్న జింకు పొగై లేస్తుంది. పీలిస్తే రాత్రికి చలిజ్వరం.

డమాస్కస్ అంటున్నాడు కదా, ఇది కూడా వినాలి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి రెండురకాల ఉక్కుని పొరలు పొరలుగా అతికించి సాగగొట్టినవి. పాతకాలం కత్తుల ఉక్కు మూసల్లో కరిగించింది. అది తయారైన చోట్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చారు. 1820ల్లో అక్కడికెళ్లి చూసిన హెన్రీ వాయిసీ అనే తెల్లదొర రాసిపెట్టాడు కూడా. మా వాడికి డమాస్కస్ తెలుసు, కోనసముద్రం తెలీదు!

ఒంటిచేత్తో అన్నీ చేసేయాలన్నది కూడా ఇప్పటి జబ్బే. బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసుంటే తెలిసేది. పట్టాని చక్రం కంటే కాస్త బిగువుగా చేసి, పిడకల మంటలో చుట్టూ సమానంగా కాల్చేవాళ్లు. నిలువెత్తు చక్రం పట్టా ఎర్రబడేసరికి అంగుళం పైనే సాగుతుంది. అప్పుడు తలో పట్టకారుతో నలుగురూ ఒక్కసారిగా ఎత్తి చక్రంమీద వెయ్యాలి. చెక్క అంటుకునేలోపు అటూ ఇటూ సుత్తి, ఆ వెంటనే బిందెలతో నీళ్లు. పట్టా బిగుసుకుంటుంటే ఆకులు కుదురులోకి దిగి కిర్రుమనేవి. ఒక్కడు తొందరపడినా చక్రం సొట్ట.

అలాగని మా రోజులన్నీ బంగారం కాదు. కళ్లద్దాల్లేవు, రవ్వ పడి చూపు పోగొట్టుకున్న కమ్మర్లున్నారు. అమ్మ సమ్మెట వేసేది, ఆ కష్టం ఎవరి లెక్కలోనూ లేదు. ఏడాదంతా చేసిన పనికి కళ్లంలో కొలిచే మేర గింజలే కూలి, పంట పోతే అదీ లేదు. కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి, నూలుబట్ట కట్టుకోండి, కాళ్లకి తోలుబూట్లు వేసుకోండి. నైలాన్ చొక్కామీద రవ్వ పడితే చర్మానికి అంటుకుంటుంది. నల్లగా ఉంది కదా అని ఏ ముక్కనీ చేత్తో పట్టకండి, ఎరుపు చల్లారినా వందల డిగ్రీల వేడి ఉంటుంది.

ట్రాక్టర్లొచ్చి కర్రు పని పోయింది. కోతమిషన్లొచ్చి కొడవలి పని తగ్గింది. కమ్మరి పిల్లలు వెల్డింగుకో, గల్ఫ్‌కో పోయారు. అయినా ఇంకా కొన్ని ఊళ్లలో కొలిమి రాజుకుంటూనే ఉంది. విదేశీ దాగలికి పెట్టే డబ్బులో కొంత తీసి అక్కడికి వెళ్లండి. అక్కడి కమ్మరి తన పని చెడగొట్టుకుని మీకు చూపిస్తాడు గనక ఆ రోజు కూలి లెక్కగట్టి చేతిలో పెట్టండి. ఫోను జేబులో పెట్టి ముందు కొలిమికి గాలి ఊదే మర తిప్పండి. తర్వాత ఒక మేకు, ఒక కొక్కెం, ఆపైన మీ పట్టకారు మీరే చేసుకోండి. ఆ మూడూ కుదిరాక కత్తి సంగతి మాట్లాడదాం.